గాయం మానింది సరే, ఎన్ని నిమిషాలు ఆడగలడు?

2019 జూన్ 1, మాడ్రిడ్. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు టోటెన్‌హామ్ తుది జట్టు బయటికి రాగానే ఆ క్లబ్ అభిమానులు రెండు వర్గాలయ్యారు. మూడు వారాల కిందటే ఆమ్‌స్టర్‌డామ్‌లో అజాక్స్ మీద సెకండాఫ్‌లో మూడు గోల్స్ కొట్టి, ఆఖరి క్షణంలో జట్టును ఫైనల్‌కు చేర్చిన లూకాస్ మౌరా బెంచ్ మీద ఉన్నాడు. ఏప్రిల్ 9న మాంచెస్టర్ సిటీతో మ్యాచ్‌లో చీలమండ లిగమెంట్లు దెబ్బతిని, ఆ తర్వాత 53 రోజులు మ్యాచ్ అన్నదే ఆడని హ్యారీ కేన్ మొదటి పదకొండు మందిలో ఉన్నాడు. రెండో నిమిషంలోనే లివర్‌పూల్‌కు పెనాల్టీ, సలా గోల్. ఆఖరికి లివర్‌పూల్ 2-0తో గెలిచింది. కేన్ మ్యాచ్ మొత్తం మైదానంలోనే ఉన్నా ఉన్నట్టు అనిపించలేదు. లూకాస్‌ను 66వ నిమిషంలో దింపారు.

ఆ రోజు మొదలైన వాదన ఇప్పటికీ తెగలేదు. కేన్ లాంటి స్ట్రైకర్ ఆడతానంటే వద్దనే కోచ్ ఎవరుంటారని ఒకరంటారు. ఫైనల్‌కు తెచ్చినవాణ్ణి పక్కన కూర్చోబెట్టి, కుంటుకుంటూ వచ్చినవాణ్ణి ఆడిస్తారా అని ఇంకొకరు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. అయితే ఇద్దరూ పట్టించుకోని విషయం ఒకటుంది. టోటెన్‌హామ్ చివరి లీగ్ మ్యాచ్ మే 12న అయిపోయింది. అప్పటి నుంచి ఫైనల్ దాకా మధ్యలో మ్యాచ్‌లే లేవు. కేన్‌ను ఒక చిన్న మ్యాచ్‌లో ఇరవై నిమిషాలు ఆడించి, తర్వాతి దాంట్లో గంట ఆడించి చూసుకునే వీలు కోచ్ పొచెటినోకు దొరకలేదు. ఆయన ముందున్నవి రెండే దారులు: ఫైనల్లో మొదటి నుంచీ ఆడించడం, లేదంటే ఫైనల్లో మధ్యలో దింపడం. ఎటు చూసినా కేన్ తిరిగి ఆడే మొదటి మ్యాచ్ ఆ ఫైనలే.

గాయం తర్వాత ఆటగాడి ఎంపిక మీద జరిగే వాదనల్లో సగం గందరగోళం ‘కోలుకున్నాడు’ అన్న ఒక్క మాటలోనే ఉంది. ఆ మాట మూడు వేర్వేరు సంగతులకు వాడతాం. గాయం మానడం ఒకటి. అది డాక్టరు స్కాన్ చూసి చెప్పేది. తొంభై నిమిషాల పరుగుకు ఒళ్ళు తట్టుకోవడం రెండోది. అది ఫిట్‌నెస్ కోచ్ చేతిలో ఉంటుంది. ఒంటికి తొడిగే జీపీఎస్ చొక్కా ఎంత దూరం, ఎంత వేగంతో, ఎన్నిసార్లు పరుగెత్తాడో లెక్క చెబుతుంది. దెబ్బ తగిలిన కాలి బలం రెండో కాలి బలంలో కనీసం 90 శాతం వచ్చిందా అని కూడా చూస్తారు. ఒంటికాలి మీద గెంతించి దూరం కొలుస్తారు. మూడోది ఆట అందుకోవడం. బంతి రాకముందే తల తిప్పి చూడటం, పక్కన ఎవరున్నారో చూడకుండానే తెలియడం, ట్యాకిల్‌లోకి వెళ్ళేటప్పుడు రెప్పపాటు కూడా వెనకాడకపోవడం. దీనికి యంత్రమేదీ లేదు. మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది, వచ్చిందో లేదో మ్యాచ్‌లోనే తెలుస్తుంది.

క్లబ్ ప్రకటనలో ‘అందుబాటులో ఉన్నాడు’ అని ఉంటే దాని అర్థం మొదటి మెట్టు దాటాడనే. రెండో మెట్టు కూడా చాలావరకు ఎక్కి ఉండొచ్చు. అభిమాని దాన్ని మూడో మెట్టుగా చదువుకుంటాడు. ఆటగాడు మైదానంలో తడబడగానే ‘వీడి పని అయిపోయింది’ అనేస్తాడు. మధ్యలో ఉన్న నెల రెండు నెలల కాలం ఎవరి లెక్కలోనూ ఉండదు.

అసలు ప్రమాదమంతా ఆ నెల రెండు నెలల్లోనే ఉంది. యూరప్ పెద్ద క్లబ్బుల్లో గాయాల వివరాలను 2001 నుంచి యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ అధ్యయనం ఒకటి సేకరిస్తూ వస్తోంది. మొత్తం గాయాల్లో తొడ వెనక కండరం, అంటే హామ్‌స్ట్రింగ్ గాయాల వాటా ఆ మొదటి సీజన్‌లో 12 శాతం ఉంటే, 2021-22 నాటికి 24 శాతమైంది. వాటిలో దాదాపు ఐదింట ఒకటి పాత గాయమే తిరగబెట్టినది. అలా తిరగబెట్టిన వాటిలో మూడింట రెండు వంతులకు పైగా ఆటలోకి తిరిగొచ్చిన రెండు నెలల్లోపే. అదే అధ్యయనంలో ఇంకో లెక్క అభిమానులకు అంతగా తెలియదు. కోలుకున్నాక మొదటి మ్యాచ్‌కు ముందు జట్టుతో చేసిన ఒక్కో ట్రైనింగ్ సెషన్‌కూ, ఆ మ్యాచ్‌లో దెబ్బ తగిలే అవకాశం సుమారు 7 శాతం చొప్పున తగ్గింది. ‘నిన్న ట్రైనింగ్‌లో కనిపించాడు, రేపు ఎందుకు ఆడించరు?’ అని అడిగేవాళ్ళకు జవాబు అక్కడుంది. రెండు సెషన్లు చేసినవాడూ, పది సెషన్లు చేసినవాడూ పేపర్ మీద ఒకేలా కనిపిస్తారు.

మోకాలి లోపలి ముందు లిగమెంట్, అందరూ ఏసీఎల్ అనేది, తెగితే కథ ఇంకా పెద్దది. సర్జరీ తర్వాత తొమ్మిది నెలల లోపు తిరిగి రావడం మంచిది కాదని ఇప్పుడు చాలామంది వైద్యులు చెబుతారు. ఆ తొమ్మిది నెలల వరకు, ఒక్కో నెల ఆగిన కొద్దీ మోకాలికి మళ్ళీ దెబ్బ తగలడం సుమారు సగం తగ్గుతూ వచ్చిందని 2016లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. పై స్థాయి పురుషుల ఫుట్‌బాల్‌లో ఈ గాయమైనవాళ్ళు దాదాపు అందరూ ఏడాదిలోపే మళ్ళీ ఆడతారు. మూడేళ్ళ తర్వాత చూస్తే మాత్రం అదే స్థాయిలో ఇంకా ఆడుతున్నవాళ్ళు 65 శాతమే. తిరిగి రావడం వేరు, నిలబడటం వేరు.

ఏ గాయం, ఎన్నాళ్ళు అన్నది ఎంత ముఖ్యమో, ఆ ఆటగాడు ఏ స్థానంలో ఆడతాడన్నదీ అంతే ముఖ్యం. వింగర్‌కు హామ్‌స్ట్రింగ్ దెబ్బంటే అతని బతుకుతెరువు మీదే దెబ్బ. నిలబడ్డ చోటు నుంచి ఒక్కసారిగా పూర్తి వేగం అందుకోవడమే అతని పని. మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవాడికి చుట్టూ నలుగురి మధ్య తిరగడం, ఆగడం, మళ్ళీ తిరగడం కావాలి. అక్కడ భారమంతా మోకాలిదే. గోల్‌కీపర్‌కు పరుగు తక్కువ. కానీ అతను చేసే తప్పు ప్రతిదీ స్కోరుబోర్డు మీద పడుతుంది. అందుకే ఒక ఆటగాడు ఆరు వారాల్లో వచ్చేశాడు కదా, ఇంకొకడు ఎందుకు రాడు అన్న పోలికలు చాలాసార్లు ఉత్తవే.

ఆర్సెనల్ తమ వింగర్ బుకాయో సాకా విషయంలో చేసినది పద్ధతిగా నడిచిన ఉదాహరణ. 2024 డిసెంబర్ 21న క్రిస్టల్ ప్యాలెస్‌తో మ్యాచ్‌లో హామ్‌స్ట్రింగ్ దెబ్బతింది, సర్జరీ అయింది. ఈలోపు ఆర్సెనల్ ముందు వరుస కుప్పకూలింది. జీసస్ గాయంతో దూరమయ్యాడు, హావర్ట్జ్ దూరమయ్యాడు, మార్టినెల్లి కొన్నాళ్ళు దూరమయ్యాడు. మిడ్‌ఫీల్డర్ మెరీనోను స్ట్రైకర్‌గా ఆడించుకోవాల్సి వచ్చింది. ‘సాకాను ఎప్పుడు తెస్తారు’ అని అభిమానులు రోజూ అడిగిన కాలం అది. తొందరపడటానికి ఇంతకన్నా సాకు ఉండదు. అయినా కోచ్ ఆర్టెటా 101 రోజులు ఆగాడు. ఏప్రిల్ 1న ఫుల్‌హామ్ మీద సెకండాఫ్‌లో దింపితే, దిగిన ఏడు నిమిషాలకే తలతో గోల్ కొట్టాడు. వారం తర్వాత రియల్ మాడ్రిడ్‌తో క్వార్టర్‌ఫైనల్‌కు మొదటి నుంచీ ఆడాడు. అక్కడ రెండో లెగ్‌లో పెనాల్టీని మెల్లగా పైకి లేపి కొట్టబోయి (చిప్) పోగొట్టుకున్నాడు, తర్వాత గోల్ కొట్టాడు. ఆ పెనాల్టీకి కాలితో సంబంధం లేదు, అది వేరే సంగతి.

జట్టు ఓడుతున్నప్పుడు, బయట కూర్చున్నవాడు రోజురోజుకీ గొప్పవాడైపోతుంటాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, దూరమైనవాడి పాస్‌లన్నీ కచ్చితమైన పాస్‌లే, దూరమైనవాడు ఉంటే ఆ గోల్ పడేదే కాదు. మాంచెస్టర్ సిటీ మిడ్‌ఫీల్డర్ రోడ్రి విషయంలో ఇది మరీ ఎక్కువగా జరిగింది. 2023 ఫిబ్రవరి నుంచి అతను ఆడిన 50కి పైగా లీగ్ మ్యాచ్‌ల్లో మాంచెస్టర్ సిటీ వరుసగా ఓటమి ఎరగలేదు. 2024 సెప్టెంబర్ 22న ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో అతని ఏసీఎల్ తెగింది. అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ చివరి దాకా సిటీ 13 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది. మధ్యలో అతను ఆ ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బలాన్‌డోర్ అందుకోవడానికి ఊతకర్రల మీద వచ్చాడు. ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం ఏం కావాలని అందరూ అనుకున్నారు.

కానీ ఆ శీతాకాలంలో సిటీ డిఫెండర్లలోనూ చాలామంది గాయాలతోనే ఉన్నారు. కీలక ఆటగాళ్ళు కొందరికి వయసు మీద పడింది, మధ్యలో పరుగెత్తే కాళ్ళు తగ్గాయి. ఈ కారణాలన్నీ కలిసి ఒక్క మనిషి లేని లోటుగా కనిపించాయి. 2025 మే 20న బోర్న్‌మత్ మ్యాచ్ చివర్లో రోడ్రి మైదానంలో అడుగుపెట్టినప్పుడు స్టేడియం లేచి చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత క్లబ్ వరల్డ్ కప్‌లో మరో ఎదురుదెబ్బ. ఆగస్టు చివర్లో బ్రైటన్ చేతిలో ఓడాక అతనే చెప్పాల్సి వచ్చింది, తానేమీ మెస్సీని కానని, తాను వచ్చినంత మాత్రాన జట్టు గెలవడం మొదలుపెట్టదని. అభిమానులు ఎదురుచూసింది 2024 సెప్టెంబర్ 21 నాటి రోడ్రి కోసం. వచ్చింది ఎనిమిది నెలలు ఆటకు దూరమైన, ఇరవై తొమ్మిదేళ్ళ రోడ్రి.

మన దగ్గర అర్ధరాత్రి దాటాక మేలుకొని ఈ మ్యాచ్‌లు చూసే కుర్రాళ్ళలో చాలామందికి ఇంకో లెక్క కూడా ఉంటుంది, ఫాంటసీ ప్రీమియర్ లీగ్. అసలు ఆటగాళ్ళతో సొంత జట్టు కట్టుకుని, మైదానంలో వాళ్ళ ఆటను బట్టి పాయింట్లు పోగేసుకునే ఆన్‌లైన్ ఆట అది. అందులో గాయపడ్డవాడి పేరు పక్కన పసుపు గుర్తు, 75 శాతం ఆడే అవకాశం, 50, 25 అని అంకెలు. ఈ అలవాటు వల్ల వాదన ఒక విధంగా మెరుగైంది. పేరు చూసి కాకుండా ‘ఎన్ని నిమిషాలు ఆడతాడు’ అని అడగడం జనానికి అలవాటైంది. ఇంకో విధంగా పాడైంది కూడా. అరవై నిమిషాలు దాటితే రెండు పాయింట్లు, దాటకపోతే ఒకటి. కోచ్ 58వ నిమిషంలో పిలిచేస్తే ఆ కోచ్‌కు పడే తిట్లు జట్టు మంచి కోసం తిట్టేవి కావు.

‘ఫామ్ వస్తుంది పోతుంది, క్లాస్ ఎక్కడికీ పోదు’ అనేవాళ్ళు తప్పకుండా తెచ్చే పేరు బ్రెజిల్ రొనాల్డో. 2002 వరల్డ్ కప్ ముందు బ్రెజిల్ దేశమంతా స్ట్రైకర్ రొమారియో కావాలంది. కోచ్ స్కోలారి వినలేదు. దాదాపు రెండేళ్ళు ఆటకు దూరమై, ఆ సీజన్‌లో ఇటలీ క్లబ్ ఇంటర్ తరఫున లీగ్‌లో పదే మ్యాచ్‌లు ఆడిన రొనాల్డోను తీసుకెళ్ళాడు. ఎనిమిది గోల్స్, ఫైనల్లో జర్మనీ మీద రెండూ అతనివే. ఇది నిజమే. దీన్ని చెప్పేవాళ్ళు అదే మనిషి జీవితంలోని ఇంకో తేదీ చెప్పరు. 1999 నవంబర్‌లో మోకాలు దెబ్బతిని సర్జరీ అయ్యాక, 2000 ఏప్రిల్ 12న లాజియోతో కోపా ఇటాలియా ఫైనల్ మొదటి లెగ్‌లో అతను సబ్‌స్టిట్యూట్‌గా వచ్చాడు. ఆరేడు నిమిషాలకే, ఎవరూ తగలకుండానే, ఒక మలుపు తిరగబోయి మోకాలు పట్టుకుని కూలిపోయాడు. ఆ రెండేళ్ళలో ఎక్కువ భాగాన్ని మింగింది ఆ ఆరేడు నిమిషాలే. క్లాస్ రెండు రోజులూ ఒకటే. మోకాలే వేరు. పైగా 2002లో ఇంటర్ అతన్ని తక్కువ మ్యాచ్‌లు ఆడించడం అప్పట్లో అభిమానులకు కోపం తెప్పించినా, వరల్డ్ కప్‌కు అతను తాజాగా రావడానికి అది ఉపయోగపడిందనే చెప్పాలి.

స్కోలారి కథను నమ్మి అదే లెక్క వేస్తే ఎప్పుడూ పని చేయదని జర్మనీ పదహారేళ్ళ తర్వాత చూసింది. మాన్యుయెల్ నోయర్ పాదం ఎముక విరిగి 2017 సెప్టెంబర్ నుంచి మ్యాచ్ ఆడలేదు. బార్సిలోనాలో టెర్ స్టెగన్ లీగ్ గెలిచిన జట్టుకు గోల్‌కీపర్, మంచి ఊపులో ఉన్నాడు. నోయర్ జట్టు కెప్టెన్, 2014లో కప్పు తెచ్చినవాడు. 2018 జూన్ 2న ఆస్ట్రియాతో స్నేహపూర్వక మ్యాచ్ ఒకటి ఆడించి, కోచ్ లూవ్ నోయర్‌నే ఖాయం చేశాడు. జర్మనీ గ్రూప్ దశలోనే ఇంటికొచ్చింది. దక్షిణ కొరియాతో చివరి మ్యాచ్‌లో నోయర్ గోల్ వదిలి ప్రత్యర్థి సగంలోకి వెళ్ళి బంతి పోగొట్టుకోవడం, ఖాళీ గోల్‌లోకి సాన్ హ్యూంగ్‌మిన్ బంతి నెట్టడం అందరికీ గుర్తుండిపోయిన దృశ్యం.

ఆ దృశ్యాన్ని ఎంపిక తప్పుకు రుజువుగా చూపించడం మాత్రం అన్యాయం. అప్పటికే ఒక గోల్ వెనకబడి ఉన్నారు, ఆఖరి నిమిషాలు, ఏ గోల్‌కీపరైనా ముందుకు వెళ్ళేవాడే. జర్మనీ ఆ మ్యాచ్‌లో గోలే కొట్టలేకపోయింది, మెక్సికో మీద కూడా కొట్టలేదు. గోల్‌కీపర్ మారితే అవి మారవు. నోయర్ ఎంపికను తప్పు పట్టాలంటే వేరే కారణం ఉంది. ఎనిమిది నెలలు ఆడనివాడికి ఒక్క స్నేహపూర్వక మ్యాచ్ చూసి వరల్డ్ కప్ అప్పగించడం, ‘పేరున్నవాడికి పోటీ లేదు’ అని మిగతా జట్టుకు చెప్పినట్టే. సీజనంతా కష్టపడ్డవాడికి అది ఎలా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు. టెర్ స్టెగన్ నంబర్ వన్ అయ్యేసరికి 2024 ఆగస్టు వచ్చింది, నోయర్ అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పాక. నెల తిరగకుండానే, సెప్టెంబర్ 22న విల్లారియల్‌లో అతని మోకాలి చిప్ప కింది స్నాయువు (టెండన్) తెగింది. రోడ్రి మోకాలు పోయిన రోజూ అదే.

ఇక ఫలితాన్ని బట్టి తీర్పు చెప్పే అలవాటుకు రెండు ఫైనల్స్ పక్కపక్కన పెట్టి చూడాలి. 2014 మేలో లిస్బన్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. అట్లెటికో స్ట్రైకర్ డియెగో కోస్టాకు హామ్‌స్ట్రింగ్ గాయం. కొద్ది రోజుల ముందు బెల్‌గ్రేడ్ వెళ్ళి గుర్రపు మావితో చేసే వైద్యం చేయించుకున్నాడని పేపర్లన్నీ రాశాయి. కోచ్ సిమియోనే అతన్ని మొదటి నుంచీ దింపాడు. తొమ్మిదో నిమిషంలో వెనక్కి పిలిచాడు. అట్లెటికో 93వ నిమిషం దాకా గెలుస్తూనే ఉంది. ప్రత్యర్థి ఆటగాడు రామోస్ సమం చేశాడు, అదనపు సమయంలో రియల్ మాడ్రిడ్ 4-1తో గెలిచింది. సిమియోనే తప్పు తనదేనని ఒప్పుకున్నాడు.

2025 జూలై 27, బాసెల్. మహిళల యూరో ఫైనల్, ఇంగ్లండ్, స్పెయిన్. హామ్‌స్ట్రింగ్ గాయం నుంచి టోర్నీకి ముందే కోలుకున్న లారెన్ జేమ్స్, సెమీఫైనల్లో చీలమండకు దెబ్బ తగిలి సగంలోనే బయటికొచ్చింది. కోచ్ సరీనా వీగ్‌మన్ ఆమెనే ఫైనల్ మొదటి నుంచీ ఆడించింది. 41వ నిమిషంలో ఆమె ఇక ఆడలేకపోయింది. బదులుగా వచ్చిన క్లోయీ కెల్లీ సెకండాఫ్‌లో పంపిన క్రాస్‌కే రూసో సమం చేసింది. షూటౌట్‌లో గెలుపు పెనాల్టీ కూడా కెల్లీదే. ఇదే వీగ్‌మన్ 2023 వరల్డ్ కప్‌కు, ఏసీఎల్ తెగి ఎనిమిది నెలలైన బెత్ మీడ్‌ను, అంతకు ముందు ఏడాది యూరోలో ఉత్తమ క్రీడాకారిణి అయినా, జట్టులోకి తీసుకోలేదు. ఆ వరల్డ్ కప్ ఫైనల్ ఇంగ్లండ్ 1-0తో ఓడింది.

కోస్టాను ఆడించడం, జేమ్స్‌ను ఆడించడం దాదాపు ఒకే రకం జూదం. ఒకదాన్ని మూర్ఖత్వం అన్నారు, ఇంకోదాన్ని ఎవరూ తలుచుకోలేదు. నిజంగా తేడా ఏమైనా ఉంటే అది బెంచ్ మీదా, ఆట మధ్యలో ఆటగాళ్ళను మార్చుకునే మార్పుల సంఖ్యలోనూ ఉంది. 2014లో మూడు మార్పులే, అదనపు సమయం వచ్చినా మూడే. కోస్టా కోసం ఒకటి తొమ్మిదో నిమిషంలో ఖర్చయింది. 83వ నిమిషంలో ఫిలిపే లూయిస్ గాయంతో బయటికెళ్ళడంతో మూడూ అయిపోయాయి. అదనపు సమయంలో హువాన్‌ఫ్రాన్ కుంటుతూ ఆడుతుంటే అతన్ని మార్చడానికి సిమియోనేకు చేతిలో ఏమీ లేదు. వీగ్‌మన్ దగ్గర ఐదు మార్పులున్నాయి, అదనపు సమయానికి మరొకటి. కెల్లీ లాంటి మనిషి వెనక సిద్ధంగా ఉంది. ఓడిపోతే ఎంత పోతుందో ఆమెకు తెలుసు. 2020లో తాత్కాలికంగా వచ్చి, 2022లో నిబంధనల్లో స్థిరపడ్డ ఐదు మార్పుల పద్ధతి గాయం నుంచి వచ్చేవాళ్ళ ఎంపికను మార్చినంతగా మరేదీ మార్చలేదు. ప్రీమియర్ లీగ్‌లో అది 2022-23లో శాశ్వతంగా అమలైంది. 2014, 2019 ఫైనల్స్ మీద ఇప్పటి కళ్ళతో తీర్పు చెప్పేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతుంటారు.

మొత్తం టోర్నీకి జట్టును ఎంచడం ఇంకో చిక్కు. 2006లో ఇంగ్లండ్ కోచ్ ఎరిక్సన్ నలుగురు ఫార్వర్డ్‌లతో జర్మనీ వెళ్ళాడు. రూనీకి ఏప్రిల్ 29న పాదం ఎముక విరిగింది. ఓవెన్‌కు అంతకు ముందు డిసెంబర్ 31న విరిగింది. మూడోవాడు క్రౌచ్. నాలుగోవాడు ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని పదిహేడేళ్ళ వాల్కాట్. స్వీడన్‌తో మ్యాచ్ మొదటి నిమిషంలోనే ఓవెన్ మోకాలు పోయింది. రూనీ పోర్చుగల్ మీద రెడ్ కార్డుతో వెళ్ళిపోయాడు. వాల్కాట్‌ను ఒక్క నిమిషం ఆడించలేదు. గాయం నుంచి వస్తున్న ఒకరిని తీసుకెళ్ళొచ్చు, ఇద్దరినీ తీసుకెళ్ళొచ్చు. వాళ్ళిద్దరికీ ప్రత్యామ్నాయంగా కోచే నమ్మని కుర్రాణ్ణి పెట్టుకోవడమే అర్థం కానిది. 2022 నుంచి వరల్డ్ కప్ జట్లలో 23 బదులు 26 మంది ఉంటున్నారు కాబట్టి ఈ ఇబ్బంది కొంత తగ్గింది.

అసలు మార్పులే లేని కాలంలో ఏం చేసేవారు? దానికి జవాబు హైదరాబాద్ మనిషి దగ్గర ఉంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. డిఫెన్స్‌కు వెన్నెముకలాంటి జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. డిఫెండర్ అంటే బంతి పైకి లేచిన ప్రతిసారీ తల పెట్టాలి. రహీమ్ అతన్ని ఆడించాలా వద్దా అన్న దగ్గర ఆగలేదు. ముందుకు తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1, బంగారు పతకం. జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ను కూడా ఆ ఫైనల్‌కే తిరిగి గోల్‌లో నిలబెట్టాడు. తలకు దెబ్బ తగిలినవాణ్ణి అలా ఆడించడాన్ని ఈ రోజు ఏ డాక్టరూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. కానీ ఆటగాడు పాత చోటుకే తిరిగి రావాలని లేదన్న ఆలోచన ఇప్పటి కోచ్‌లలో చాలామందికి తట్టదు.

లివర్‌పూల్ డిఫెండర్ వాన్ డైక్ కథ ఓపిక గురించి. 2020 అక్టోబర్ 17న ఎవర్టన్ గోల్‌కీపర్ పిక్‌ఫర్డ్ ట్యాకిల్‌తో ఏసీఎల్ తెగింది. 2021 యూరోకు సమయానికి కోలుకోవచ్చేమో అన్న ఆశ నెదర్లాండ్స్‌లో ఉండేది. ఆ దేశ జట్టు కెప్టెన్‌గా ఉన్న అతనే మే నెలలో రానని చెప్పేశాడు. అది దేశం కోసం త్యాగం చేయకపోవడమేనని అన్నవాళ్ళూ ఉన్నారు. ఆగస్టులో లీగ్‌కు వచ్చాక లివర్‌పూల్ రెండు కప్పులు గెలిచింది, లీగ్‌ను ఒక్క పాయింట్‌తో, ఛాంపియన్స్ లీగ్‌ను ఒక్క గోల్‌తో పోగొట్టుకుంది. 2022-23లో జట్టు ఐదో స్థానానికి పడిపోయింది. అప్పుడు మొదలైంది, మోకాలు పోయినప్పుడే ఆట పోయిందని, అమ్మేయాలని. నిజానికి ఆ ఏడాది ముందున్న మిడ్‌ఫీల్డ్ చతికిలపడటంతో డిఫెండర్లందరూ ఖాళీ మైదానంలో పరుగెత్తాల్సి వచ్చింది. ఆ తర్వాత లివర్‌పూల్ కెప్టెన్ అయ్యాడు, 2024-25లో లీగ్ ట్రోఫీ ఎత్తాడు. గాయమైన రెండేళ్ళకు కనిపించిన పడిపోవడాన్ని గాయం ఖాతాలో రాసేసినవాళ్ళు, నాలుగేళ్ళకు వచ్చిన ట్రోఫీని ఏ ఖాతాలో రాశారో తెలియదు.

మళ్ళీ మాడ్రిడ్‌కే వద్దాం. ఆ రాత్రి టోటెన్‌హామ్‌లో సర్జరీ తర్వాత తిరిగొచ్చిన హ్యారీ వింక్స్ కూడా మొదటి నుంచీ ఆడాడు. దాని గురించి ఎవరూ పెద్దగా వాదించరు. అంతకన్నా విచిత్రం మైదానం అవతలి వైపుంది. లివర్‌పూల్‌లో రాబర్టో ఫిర్మినో కండరం గాయంతో బార్సిలోనా మీద 4-0తో గెలిచిన సెమీఫైనల్ రెండో లెగ్‌కు దూరమయ్యాడు. ఆ మ్యాచ్‌లో అతని చోట ఆడి రెండు గోల్స్ కొట్టినవాడు డివోక్ ఒరిగీ. ఫైనల్‌కు లివర్‌పూల్ కోచ్ క్లాప్ ఏం చేశాడు? అచ్చం పొచెటినో చేసినదే. సెమీఫైనల్ హీరోను బెంచ్ మీద కూర్చోబెట్టి, నెల రోజులుగా ఆట లేని ఫిర్మినోను దింపాడు. ఫిర్మినో కూడా కేన్‌లాగే తేలిపోయాడు. కాకపోతే క్లాప్ 58వ నిమిషంలో అతన్ని పిలిచేసి ఒరిగీని పంపాడు. 87వ నిమిషంలో రెండో గోల్ ఒరిగీదే.